ఒకటి పాయింట్ ఒకటి

ఈ అధ్యాయం చదవడానికి మూడు వస్తువులు కావాలి. మీదో, మీ ఇంట్లో జబ్బుపడిన మనిషిదో సీబీపీ (రక్తకణాల లెక్క) రిపోర్టు, ఒక పెన్ను, ఫోన్‌లో కాలిక్యులేటర్. రిపోర్టు తెరవాలంటేనే చెయ్యి వణికే రోజులైతే పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకోండి. మా మేనల్లుడి పక్కన నేను కూర్చున్నాను.

వాడు మా అన్నయ్య కొడుకు. ఊరు నల్గొండ వైపు, చదువు ఉస్మానియాలో కెమిస్ట్రీ పీహెచ్‌డీ, ఉండేది హాస్టల్లో. నేను అదే క్యాంపస్‌లో చాలా ఏళ్ళు స్టాటిస్టిక్స్ చెప్పి, రిటైరయ్యాక తార్నాకలో ఉంటున్నాను. ఆదివారాలు భోజనానికి వచ్చినప్పుడల్లా వాడి చెయ్యి కాలర్ దగ్గరికి పోతుండేది. మెడకి ఎడమపక్క బిళ్ల కట్టింది. నొప్పి లేదు కదా అని రెండు నెలలు వదిలేశాడు. ఆ తర్వాత సాయంత్రం జ్వరాలు, రాత్రిపూట బనీను పిండితే నీళ్ళు కారేంత చెమట, ఆరు కిలోల బరువు తగ్గడం.

మొదట టీబీ అనుకున్నారు. మన దేశంలో మెడలో బిళ్ల చూసి టీబీని అనుమానించడం సబబే, చాలాసార్లు తేలేది కూడా అదే. కానీ మందులు పడుతున్నా బిళ్ల కరగకపోతే, సూదితో కాసిన్ని కణాలు తీసి చూసే పరీక్షతో ఆగిపోవద్దు. వీలైతే బిళ్లని మొత్తంగా తీసి బయాప్సీకి పంపమని అడగండి. లింఫోమాని, అంటే లింఫ్ గ్రంథుల కేన్సర్‌ని, పట్టుకోవాలంటే కణాలు ఎలా ఉన్నాయో చూస్తే సరిపోదు, గ్రంథిలో అవి ఎలా అమరి ఉన్నాయో కూడా చూడాలి. సూది మొనకి ఆ అమరిక దొరకదు. మా వాడికి బిళ్ల తీశాక తేలింది, హాడ్జ్‌కిన్ లింఫోమా అని. మూడో స్టేజి.

బయాప్సీ వచ్చిన తొమ్మిదో రోజు రాత్రి పదకొండున్నరకి మా గేటు చప్పుడైంది. హాస్టల్ నుంచి నడుచుకుంటూ వచ్చేశాడు. చేతిలో నాలుగు మడతలు పెట్టిన సీబీపీ కాగితం.

"అత్తమ్మా, నాది 1.1 వచ్చింది" అన్నాడు గుమ్మంలోనే.

పగలంతా లైబ్రరీలో కూర్చుని పరిశోధన పత్రాలు చదివాడట. అమెరికాలోని మేయో క్లినిక్ డాక్టర్లు 476 మంది హాడ్జ్‌కిన్ రోగుల రికార్డులు తిరగేసి 2012లో ఒక సంగతి రాశారు. జబ్బు తేలిన నాటి రక్తంలో లింఫోసైట్ల సంఖ్యని మోనోసైట్ల సంఖ్యతో భాగిస్తే 1.1 లేదా అంతకన్నా ఎక్కువ వచ్చినవాళ్ళు, తక్కువ వచ్చినవాళ్ళకన్నా బాగా కోలుకున్నారని. మా వాడు తన కాగితం మీద ఆ భాగహారం చేసుకున్నాడు. సరిగ్గా గీత మీదే పడ్డాడు. పీహెచ్‌డీ చేస్తున్న పిల్లవాడు, వంద రకాల లెక్కలు కట్టినవాడు, ఆ ఒక్క సంఖ్య ముందు కూలబడిపోయాడు. టీ పెట్టి, కాగితాలు ముందేసుకుని మేమిద్దరం రెండు గంటల దాకా కూర్చున్నాం. అప్పుడు చేసిన పనే మీతోనూ చేయిస్తాను.

ముందు ఆ భాగహారం మీరూ చేయండి. రిపోర్టులో మొత్తం తెల్లకణాల సంఖ్య ఉంటుంది, టోటల్ డబ్ల్యూబీసీ కౌంట్ అని. దాని కింద డిఫరెన్షియల్ కౌంట్, అంటే ఆ తెల్లకణాల్లో ఏ జాతివి ఎంత శాతమో. న్యూట్రోఫిల్స్, లింఫోసైట్స్, మోనోసైట్స్, ఇసినోఫిల్స్, బేసోఫిల్స్, అన్నీ కలిపితే 100. శాతాన్ని మొత్తంతో గుణించి 100తో భాగిస్తే అసలు సంఖ్య వస్తుంది. మా వాడి మొత్తం 9,800. లింఫోసైట్లు 9 శాతం, అంటే 882. మోనోసైట్లు 8 శాతం, అంటే 784. 882ని 784తో భాగిస్తే 1.125.

శాతాన్ని మాత్రమే చూసి కంగారుపడకండి. 4,000లో 20 శాతం అంటే 800, 12,000లో 10 శాతం అంటే 1,200. శాతం తక్కువగా కనిపించిన మనిషికే కణాలు ఎక్కువ ఉన్నాయి. పేషెంట్ల బంధువులు ఫోన్లలో "లింఫోసైట్లు సగానికి పడిపోయాయంట" అని చెప్పుకునే సగం మాటల వెనక ఈ పొరపాటే ఉంటుంది.

ఈ రెండు కణాలనే ఎందుకు పట్టుకున్నారు? హాడ్జ్‌కిన్ లింఫోమా గ్రంథిని మైక్రోస్కోప్ కింద పెడితే ఒక వింత కనబడుతుంది. అసలు కేన్సర్ కణాలు సాధారణంగా వందకి ఒకటో రెండో. మిగిలినదంతా వాటి చుట్టూ మూగిన మన సొంత రక్షణ కణాలు. ఆ గుంపులో లింఫోసైట్లు శరీరం తరఫున పోరాడాల్సినవి. రక్తంలో తిరిగే మోనోసైట్లు కణజాలంలోకి దిగి మాక్రోఫేజ్‌లుగా మారతాయి. వాటిని కేన్సర్ మచ్చిక చేసుకుని తన కాపలాకి పెట్టుకోగలదు. గ్రంథిలో ఈ మాక్రోఫేజ్‌లు ఎక్కువగా ఉన్నవాళ్ళలో చికిత్స విఫలమయ్యే అవకాశం ఎక్కువని కెనడా పరిశోధకులు 2010లో చూపించారు. గ్రంథి లోపల జరిగే ఈ తగువు నీడ రక్తంలో కూడా పడుతుందేమో, పెద్ద ఖర్చు లేకుండా మామూలు సీబీపీతో దాన్ని చూడొచ్చేమో అన్నది ఆశ. మంచి ఆశే. పెద్ద యంత్రాలు లేని జిల్లా ఆసుపత్రులకి ఇలాంటి చవక గుర్తు ఎంత అవసరమో నాకు తెలుసు. నేను ఆ పరిశోధనని తీసిపారేయడం లేదు.

అయితే ఆ రాత్రి నేను వాణ్ణి మొదట అడిగింది వేరే ప్రశ్న. "ఈ 9, 8 ఎవరు లెక్కపెట్టారురా?"

రిపోర్టు అడుగున ఉంది. చిన్న ల్యాబ్, చేత్తో లెక్కపెట్టిన కౌంట్. గాజు పలక మీద రక్తపు చుక్కని పల్చగా పరిచి, లేష్‌మన్ రంగు వేసి, టెక్నీషియన్ మైక్రోస్కోప్‌లో వరసగా 100 తెల్లకణాలు చూస్తాడు. ఏ జాతివి ఎన్నో బొత్తాలు నొక్కి లెక్కపెడతాడు. మా వాడి రక్తంలో కోట్ల కణాలుంటే చూసింది వంద. మీరు ఆర్ట్స్ కాలేజీ మెట్ల దగ్గర నిలబడి, దిగుతున్న పిల్లల్లో వందమందిని ఆపి మీది నల్గొండేనా అని అడిగారనుకోండి. తొమ్మిదిమంది అవునన్నారు. మర్నాడు ఇంకో వందమందిని అడిగితే పదమూడు రావచ్చు, ఆరు రావచ్చు. యూనివర్సిటీ మారలేదు, మెట్లు దిగిన వందమంది మారారు. నేను మొదటి సంవత్సరం పిల్లలకి చెప్పిన పాఠమే ఇది. వందలో 9 కనబడితే అసలు విలువ 4 నుంచి 16 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. 8 కనబడితే మూడున్నర నుంచి 15 దాకా. ఇంత ఊగే రెండు సంఖ్యల్ని ఒకదానితో ఒకటి భాగిస్తే వచ్చేదానికి మూడు దశాంశాలు రాసుకుని ఏడవడం ఎందుకు?

రెండు రోజుల తర్వాత ఆసుపత్రిలో మళ్ళీ రక్తం తీశారు. అక్కడ యంత్రం ఒక్కో నమూనాలో వేల కణాలు చూస్తుంది. మొత్తం 9,600, లింఫోసైట్లు 12.4 శాతం, మోనోసైట్లు 6.9 శాతం. లెక్క వేయండి. 1.8. ఆ రెండు రోజుల్లో వాడికి ఒక్క మందు కూడా పడలేదు.

కాబట్టి మీ కాగితం మీద పెన్నుతో ఇది రాయండి: చేతి లెక్కా, యంత్రం లెక్కా. దాని పక్కన, రక్తం తీసిన రోజు జ్వరం ఉందా, జలుబు దగ్గులున్నాయా, స్టెరాయిడ్ మాత్ర ఏదైనా వాడారా అన్నది కూడా. స్టెరాయిడ్లు లింఫోసైట్లని తగ్గించి న్యూట్రోఫిల్స్‌ని పెంచుతాయి. ఆయాసానికో దద్దుర్లకో ఎవరో రాసిచ్చిన నాలుగు మాత్రలు కూడా ఈ భాగహారాన్ని తారుమారు చేస్తాయి. టీబీ ఉన్నవాళ్ళలో మోనోసైట్లు పెరిగి ఈ నిష్పత్తి కిందికి పోవడం మామూలే. డెంగీ కాలంలో తెల్లకణాలు పడిపోయే సంగతి హైదరాబాద్‌లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. అంటే ఈ సంఖ్య లింఫోమాకి ఒక్కదానికే జవాబు చెప్పదు, ఒంట్లో జరిగే ప్రతి గొడవకీ కదులుతుంది.

ఆ గీత సంగతి కూడా చెప్పాలి. 1.1 అనేది ప్రకృతి గీసింది కాదు. 476 మంది లెక్కల్లో ఎక్కడ కోస్తే రెండు గుంపులూ బాగా విడిపోతాయో చూసి గీసింది. వేరే దేశాల్లో వేరే రోగుల మీద చూసిన బృందాలు 2 పైన కూడా గీత పెట్టాయి. ఏ బృందానికి ఆ బృందం లెక్కలు నప్పుతాయి. 1.09 ఉన్న మనిషికీ 1.12 ఉన్న మనిషికీ ఒంట్లో తేడా ఏమీ ఉండదు, పత్రంలో మాత్రం చెరో గుంపులో ఉంటారు.

అసలు కష్టం ఇక్కడ మొదలైంది. వాడు తెలివైనవాడు, నా మాటలకి తేలిగ్గా లొంగలేదు. "సరే అత్తమ్మా, యంత్రంతో తీసినా 0.9 వచ్చిందే అనుకో. అప్పుడు?"

అప్పుడు కాగితం మీద గళ్ళు గీశాను. ఇప్పుడు రాసే అంకెలు ఏ పరిశోధనవీ కావు, అర్థం కావడానికి నేను అనుకున్నవి. గీత పైన వందమంది, కింద వందమంది. అయిదేళ్ళ తర్వాత పైన ఉన్నవాళ్ళలో 88 మంది జబ్బు తిరగబెట్టకుండా ఉన్నారు, కింద ఉన్నవాళ్ళలో 76 మంది. పరిశోధకుడికి ఇది పెద్ద తేడా, అతని పత్రం అచ్చవుతుంది, అవ్వాలి కూడా. కింది గుంపులో ఉన్న ఒక మనిషి వైపు నుంచి చూడండి. తన గుంపులో నాలుగింట మూడొంతుల మంది బాగానే ఉన్నారు. పై గుంపులోనూ పన్నెండుమందికి జబ్బు తిరగబెట్టింది. గీత రెండు గుంపుల సగటుని చెప్పింది. ఎవరు ఏ గడిలో ఉన్నారో దానికి తెలియదు.

"మరి ఆ 24 మంది?" అన్నాడు.

"ఉన్నారు నాన్నా. నువ్వు వాళ్ళలో లేవని చెప్పే లెక్క నా దగ్గర లేదు. ఉన్నావని చెప్పే లెక్క ఎవరి దగ్గరా లేదు."

ముప్ఫై ఏళ్ళు సంభావ్యత పాఠం చెప్పాను గానీ, ఆ వాక్యం అంత బరువుగా ఎప్పుడూ పలకలేదు. ధైర్యం చెప్పడానికని "నీకేం కాదు" అనేయాలనిపించింది. అనలేదు. మీరూ అనకండి. జబ్బుపడినవాళ్ళు ఆ మాటని వెంటనే పట్టేస్తారు, ఆ తర్వాత మీరు నిజం చెప్పినా నమ్మరు.

రక్తకణాల గుర్తుల్లో కాలపరీక్షకి నిలిచినవి లేకపోలేదు. 1998లో హేసెన్‌క్లెవర్ అనే జర్మన్ గణాంక శాస్త్రవేత్త, సహచరులతో కలిసి, ముదిరిన దశలో ఉన్న 5,141 మంది హాడ్జ్‌కిన్ రోగుల వివరాలు పోగేసి ఏడు అంశాలు తేల్చాడు. ఆల్బుమిన్ 4 గ్రాముల కన్నా తక్కువ, హిమోగ్లోబిన్ 10.5 కన్నా తక్కువ, మగవాళ్ళు కావడం, వయసు 45 లేదా ఆపైన, నాలుగో స్టేజి, తెల్లకణాలు 15,000 లేదా ఆపైన, లింఫోసైట్లు 600 కన్నా గానీ 8 శాతం కన్నా గానీ తక్కువ. ఒక్కోదానికి ఒక్కో మార్కు. ఏడింటిలో మూడు నేరుగా సీబీపీలో కనిపించేవే. మా వాడికి రెండు వచ్చాయి, ఆల్బుమిన్‌కి ఒకటి, మగపిల్లాడైనందుకు ఒకటి. ఒక్క మార్కూ రానివాళ్ళలో 84 శాతం, అయిదు లేదా ఎక్కువ వచ్చినవాళ్ళలో 42 శాతం అయిదేళ్ళకి జబ్బు ముదరకుండా ఉన్నారని ఆ లెక్క. ఆ అయిదు మార్కుల గుంపులోకి వచ్చింది కూడా నూటికి ఏడుగురే. తర్వాత 2012లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా డాక్టర్లు అదే మార్కుల పట్టికని కొత్త కాలపు రోగులకి పెట్టి చూశారు. కింద 62 శాతం, పైన 88 శాతం వచ్చింది. పట్టిక అదే, మనుషులకి అందిన వైద్యం మెరుగైంది, అంతరం కుదించుకుపోయింది. మీరు ఇంటర్నెట్‌లో చూసే ఏ సంఖ్యనైనా "ఇది ఏ ఏటి రోగులది?" అని అడగండి. అయిదేళ్ళ ఫలితం చెప్పే పత్రంలోని రోగుల్లో చాలామంది కనీసం అయిదేళ్ళ కిందట మందు తీసుకున్నవాళ్ళు.

ఆ రాత్రి గడిచాక మర్నాడు మేం డాక్టర్ దగ్గరికి మూడు ప్రశ్నలు రాసుకుని వెళ్ళాం. బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు ప్రశ్నలు గుర్తుంటాయి, లోపలికి వెళ్ళాక ఉండవు, అందుకే రాసుకోవాలి. మొదటిది, ఈ నిష్పత్తి తక్కువైతే మీరిచ్చే మందు మారుతుందా? రెండోది, మారకపోతే మందుని మార్చే గుర్తు ఏది, దాన్ని ఎప్పుడు చూస్తారు? మూడోది, అప్పటిదాకా ఇంట్లో మేం చూసుకోవాల్సిన సంఖ్య ఏది?

డాక్టరమ్మ ఓపిక ఉన్న మనిషి. మొదటి ప్రశ్నకి "మారదు బాబూ" అంది. ఈ నిష్పత్తిని చూసి మందు బలం పెంచాలనో తగ్గించాలనో ఇప్పటి వైద్య మార్గదర్శకాలు చెప్పడం లేదు. మా వాడి భుజాలు ఆ ఒక్క జవాబుతో దిగడం చూశాను.

ఈ తేడా బాగా పట్టుకోండి, మిగతావన్నీ మరిచిపోయినా ఫరవాలేదు. గుర్తులు రెండు రకాలు. కొన్ని రాబోయే రోజులు ఎలా ఉండొచ్చో చెబుతాయి, అంతకుమించి ఏమీ చేయలేవు. కొన్ని ఏ మందు పనిచేస్తుందో చెబుతాయి. కణం ఒంటి మీద ఉండే సీడీ20 రెండో రకం. లింఫోమా కణం మీద అది ఉంటే రిటుక్సిమాబ్ అనే మందు దాన్ని పట్టుకోగలదు, లేకపోతే పట్టుకోదు. హాడ్జ్‌కిన్ కాని బి-కణ లింఫోమాల్లో చాలావాటి వైద్యాన్ని ఈ ఒక్క గుర్తు మార్చేసింది. ఆ మందుకి సాటి రూపాన్ని హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ 2007లో రెడిటక్స్ పేరుతో తెచ్చింది. హాడ్జ్‌కిన్ కణాల మీద సీడీ30 ఉంటుంది, దాన్ని గురిపెట్టే మందులూ వచ్చాయి. బయాప్సీ రిపోర్టులో ఈ సీడీ అంకెలు వరసగా కనబడతాయి. మీ ఆందోళనని రెండో రకం గుర్తుల మీద పెట్టండి, వాటి గురించి అడిగిన ప్రశ్న వృథా పోదు. రిటుక్సిమాబ్ మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బి పరీక్ష చేశారా అన్నది అలాంటి ప్రశ్న. పాత ఇన్ఫెక్షన్ ఒంట్లో దాగి ఉంటే ఆ మందుతో మళ్ళీ లేవొచ్చు.

మా వాడికి రాసింది ఏబీవీడీ. నాలుగు మందులు, రెండు వారాలకోసారి. అందులో 'వీ' విన్‌బ్లాస్టిన్. అది బిళ్ల గన్నేరు నుంచి వస్తుంది. అవును, తార్నాక ఇళ్ళ ప్రహరీల పక్కన, క్యాంపస్ రోడ్ల అంచున గులాబీ, తెలుపు రంగుల్లో ఎవరూ నీళ్ళు పోయకపోయినా పూసే మొక్కే. దాని కథ ఈ అధ్యాయానికే రాసినట్టుంటుంది. జమైకాలో దీని ఆకుల కషాయాన్ని షుగర్ జబ్బుకి తాగుతారని విని కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే పరిశోధకులు ఎలుకలకి ఎక్కించి చూశారు. షుగర్ తగ్గలేదు. ఎలుకల తెల్లకణాలు పడిపోయాయి. పనికిరాదని పారేయకుండా, తెల్లకణాలు ఎందుకు పడ్డాయని వెంటపడి 1958 నాటికి విన్‌బ్లాస్టిన్‌ని వేరుచేశారు. ఒక బ్లడ్ కౌంట్‌ని శ్రద్ధగా చదివినందుకు పుట్టిన మందు అది. తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీకి 1985 నుంచి పదేళ్ళు డైరెక్టర్‌గా ఉన్న ఏ.వి. రామారావు, దీన్నీ దీని తోబుట్టువు విన్‌క్రిస్టిన్‌నీ మన దేశంలో తయారుచేసే పద్ధతుల మీద పనిచేసిన శాస్త్రవేత్త. మా వాడు కెమిస్ట్రీ మనిషి కదా, ఈ సంగతి విన్నాక సెలైన్ సీసాని చూసే చూపు మారింది. ఒక హెచ్చరిక కూడా. ఈ కథ విని ఎవరూ ఆకు కషాయం కాచుకోకండి. ఆ మొక్క విషం. మందుకీ విషానికీ మధ్య ఉన్నది మిల్లీగ్రాముల లెక్క.

మందు మొదలయ్యాక సంఖ్యల అర్థం పూర్తిగా మారిపోతుంది. పరిశోధన పత్రాల్లోని నిష్పత్తి జబ్బు తేలిన రోజుది, మందు పడకముందుది. డోసు పడ్డాక ప్రతి వారం దాన్ని వేసుకోవడం మా వాడు మానలేకపోయాడు. రెండో డోసు తర్వాత ఒకరోజు 0.6 వచ్చిందని మళ్ళీ ముఖం వేలాడేసుకుని వచ్చాడు. కాగితం చూశాను. మోనోసైట్లు పెరిగాయి. కీమో దెబ్బ తిన్న ఎముక మజ్జ కోలుకునేటప్పుడు సాధారణంగా ముందు మోనోసైట్లు వస్తాయి, వాటి వెనక న్యూట్రోఫిల్స్. డాక్టరమ్మ ఆ కాగితం చూసి మజ్జ లేస్తోందని సంతోషించింది. వాడు ఏడ్చిన సంఖ్యకే ఆమె నవ్వింది.

అప్పుడు వాడి చేతికి గళ్ళ నోట్‌బుక్ ఇచ్చాను. ఒక్కో తేదీకి ఒక్కో వరస. డోసు పడ్డాక ఎన్నో రోజు, హిమోగ్లోబిన్, మొత్తం తెల్లకణాలు, న్యూట్రోఫిల్స్ అసలు సంఖ్య, ప్లేట్‌లెట్లు. చివరి గడిలో జ్వరం, స్టెరాయిడ్, కణాలు పెంచే ఇంజెక్షన్ ఏదైనా పడిందా అన్నవి. లింఫోసైట్లని మోనోసైట్లతో భాగించే గడి పెట్టలేదు.

మా మూడో ప్రశ్నకి జవాబు ఇది: ఇంట్లో చూసుకోవాల్సింది న్యూట్రోఫిల్స్‌ని. లెక్క ముందు చేసినట్టే, మొత్తాన్ని శాతంతో గుణించి వందతో భాగించాలి. మొత్తం 2,000, న్యూట్రోఫిల్స్ 30 శాతం అయితే 600. వెయ్యికి కిందకి వస్తే జాగ్రత్త పడాలి, 500కి కిందకి వస్తే ఇన్ఫెక్షన్‌ని ఎదుర్కోవడానికి ఒంట్లో సైన్యం లేనట్టే. ఏబీవీడీలో కౌంట్ తగ్గినా కొన్నిసార్లు డాక్టర్లు డోసు వాయిదా వేయరు. అది నిర్లక్ష్యం కాదు, వేళకి మందు పడటం ముఖ్యమని అనుభవం మీద తీసుకునే నిర్ణయం. అయితే థర్మామీటర్ 100.4 చూపిస్తే తెల్లవారేదాకా ఆగకండి. పారాసెటమాల్ వేసి జ్వరం దిగిందని పడుకోకండి. కౌంట్ తక్కువున్న మనిషికి జ్వరమొక్కటే బయటికి కనబడే గుర్తు కావచ్చు, దాన్ని మాత్రతో చెరిపేస్తే లోపల ఇన్ఫెక్షన్ పెరుగుతూ పోతుంది. రాత్రిపూట ఏ నంబర్‌కి ఫోన్ చేయాలో, ఏ గేటు తెరిచి ఉంటుందో మొదటి డోసు రోజే అడిగి తలుపు వెనక అంటించండి.

మా వదిన ఊరి నుంచి వచ్చి సంఖ్యలన్నిటినీ వంటింట్లోంచి సరిచేయడానికి పూనుకుంది. బీట్‌రూట్ రసం, బొప్పాయి ఆకు రసం, ఎవరో చెప్పిన మొలకలు. తల్లి మనసుకి ఏదో ఒక పని కావాలి, కాదనలేం. తినగలిగినంత తినడం, గుడ్డూ పప్పూ పెరుగూ మానకపోవడం మంచిదే. కానీ పచ్చి మొలకలు, రోడ్డు పక్క రసాలు కౌంట్ తగ్గిన మనిషికి ప్రమాదం. ఆల్బుమిన్, హిమోగ్లోబిన్ తగ్గింది తిండి చాలకనే అనుకోవద్దు, జబ్బు రగిలించే వాపు వల్ల కూడా తగ్గుతాయి, జబ్బు లొంగితే వాటంతట అవే లేస్తాయి. వదినకి రసాల బదులు ఇంకో పని అప్పజెప్పాం. రోజుకి నాలుగుసార్లు థర్మామీటర్ పెట్టి చూడటం. ఆవిడ అంత నియమంగా మా ఇంట్లో గడియారం కూడా నడవదు.

ఇక రెండో ప్రశ్నకి డాక్టరమ్మ చెప్పిన జవాబు. మందుని మార్చే గుర్తు రెండు సైకిళ్ళ తర్వాత, అంటే నాలుగు డోసుల తర్వాత తీసే పెట్ స్కాన్. దానికి 1 నుంచి 5 దాకా మార్కులు వేస్తారు, డోవిల్ స్కోర్ అంటారు. ఫ్రాన్స్‌లో ఆ పేరున్న ఊళ్ళో డాక్టర్లు 2009లో కూర్చుని కుదుర్చుకున్న పద్ధతి. స్కాన్‌లో కనిపించే గ్రంథుల వెలుగుని కాలేయం వెలుగుతో పోలుస్తారు. 3 దాకా వస్తే మందుకి లొంగినట్టు, 4, 5 వస్తే బలమైన మందుకి మారాలా అని ఆలోచిస్తారు. 2016లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో, స్కాన్ బాగున్నవాళ్ళకి ఏబీవీడీలోని బ్లియోమైసిన్‌ని అక్కడితో ఆపేసినా ఫలితం దాదాపు అలాగే ఉందని, ఊపిరితిత్తులకి హాని తగ్గిందని తేలింది. జబ్బు తేలిన రోజున రక్తం ఏం చెప్పిందన్న దానికన్నా, మందు పడ్డాక జబ్బు ఏం చేసిందన్నది ఎక్కువ నమ్మదగిన సాక్ష్యం.

ఆ స్కాన్ ముందు వారం రోజులు వాడు రోజూ తెల్లవారుజామునే మా ఇంటికి వచ్చేవాడు. ఇద్దరం మాస్కులు పెట్టుకుని క్యాంపస్‌లోకి నడిచేవాళ్ళం, ఆర్ట్స్ కాలేజీ ముందు దాకా వెళ్ళి వెనక్కి. వాడి జుట్టు ఊడిపోయింది, టోపీ పెట్టుకునేవాడు. ఒకరోజు మెట్ల మీద కూర్చుని ఆయాసం తీర్చుకుంటూ, దిగుతున్న పిల్లల్ని చూస్తూ "వీళ్ళలో ఎంతమంది నల్గొండవాళ్ళో" అన్నాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడు.

స్కాన్‌లో డోవిల్ 2 వచ్చింది. ఆ రాత్రి నోట్‌బుక్ మా ఇంట్లోనే మరిచిపోతే తెరిచి చూశాను. కౌంట్ల గళ్ళన్నీ నింపి, చివరి గడిలో చిన్న అక్షరాలతో రాసుకున్నాడు: "అయిదో డోసు నుంచి బ్లియోమైసిన్ లేదు. సోమవారం ఎనిమిదిన్నర. అత్తమ్మ వస్తుంది."